ముక్కంటి కారు

గిద్దలూరు నుంచి ఒక పాఠక మిత్రుడు ఉత్తరం రాశాడు. కాలేజీ కుర్రాడట. "మీరు వారం వారం హిట్టయిన పిక్చర్ల గురించే రాస్తారు. ఫ్లాపయిన పిక్చర్లో గొప్పతనం ఉండదా? ఫ్లాపయిన మనిషికి గౌరవం ఉండదా? సూటిగా జవాబు చెప్పండి" అని నిలదీశాడు. అంతటితో ఊరుకోక, "జవాబు రాకపోతే మీకు తెలీదనుకుంటాను" అని చివర్లో ఒక చురక కూడా అంటించాడు!

తమ్ముడూ, చురక బాగానే తగిలింది. జవాబు చెబుతాను. కాకపోతే సూటిగా చెప్పడం నా వల్ల కాదు. ఒక కారెక్కి, అమెరికా దాకా వెళ్లి, అక్కణ్ణుంచి మా ఊరు కొనకనమిట్ల వచ్చి చెప్పాలి. ఓపికుంటే ఎక్కి కూచో.

ఆ కారు పేరు టక్కర్. 1948 మోడల్. ముందు అందరి కార్లకూ ఉన్నట్టే రెండు హెడ్‌లైట్లు. వాటి నట్టనడుమ మూడోది! స్టీరింగు తిప్పితే ఆ మూడో లైటు కూడా అటే తిరుగుతుంది. మలుపు తిరక్కముందే మలుపులో ఏముందో చూపిస్తుంది. అమెరికా వాళ్లు దానికి గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుడి పేరు పెట్టుకున్నారు. మా మామయ్య మాత్రం ఆ కారు బొమ్మ చూడగానే "ఏందిరా అబ్బాయ్, ముక్కంటి లాగుందే!" అన్నాడు. మార్కాపురం పక్కనే త్రిపురాంతకంలో కొలువున్న స్వామి ఉండగా మాకు గ్రీకు రాక్షసులతో ఏం పని? అందుకని ఈ వ్యాసంలో అది ముక్కంటి కారే.

మామయ్య సంగతి తర్వాత. ముందు కారు సంగతి.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఫిబ్రవరి నుంచీ అమెరికాలో మామూలు జనానికి కార్ల తయారీ ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ టాంకులు, విమానాలు చేసే పనిలో పడ్డాయి. యుద్ధం ముగిసేసరికి జనం కార్ల కోసం మొహం వాచిపోయి ఉన్నారు. పెద్ద కంపెనీలేమో కొత్తవి తయారుచేసేదాకా పాత 1942 మోడళ్లకే కాస్త మెరుగు పెట్టి అమ్మసాగాయి. హౌస్‌ఫుల్ గ్యారంటీ అయినప్పుడు పాత పిక్చర్‌కే కొత్త పోస్టరు వేస్తే సరిపోదూ!

సరిగ్గా అప్పుడు రంగప్రవేశం చేశాడు ప్రెస్టన్ టక్కర్. 1903లో మిచిగన్ రాష్ట్రంలో పుట్టాడు. కొన్నాళ్లు పోలీసు ఉద్యోగం, కొన్నాళ్లు కార్లు అమ్మడం, కొన్నాళ్లు రేసు కార్ల వాళ్లతో తిరగడం. మాట్లాడితే ఎదుటివాడు జేబులో చెయ్యి పెట్టాల్సిందే, అంతటి మాటకారి. "ఇంతవరకూ ఎవరూ చూడని కారు చేస్తాను" అన్నాడు. ఇంజను వెనక ఉంటుంది. యాక్సిడెంట్ అయితే ముందు అద్దం పగిలి మొహానికి గుచ్చుకోకుండా ఊడి బయటికి పోతుంది. డ్యాష్‌బోర్డుకు మెత్త వేసి ఉంటుంది. ప్రమాదం ముంచుకొస్తే ముందు సీటులో ఉన్నవాళ్లు కిందికి ఒదిగి కూచునేందుకు చోటుంటుంది. ఇవన్నీ మూడో కన్నుకు అదనం. కారు రూపురేఖలు దిద్దినవాడు అలెక్స్ ట్రెములిస్. బొమ్మ చూస్తే ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేరు.

షికాగోలో యుద్ధకాలంలో విమానాల ఇంజన్లు చేసిన బ్రహ్మాండమైన ఫ్యాక్టరీని టక్కర్ అద్దెకు తీసుకున్నాడు. 1947 జూన్ 19న మొదటి కారును జనానికి చూపించాడు. మూడు వేల మందికి పైగా వచ్చారు. లోపల జరుగుతున్న భాగోతం మాత్రం వాళ్లకు తెలీదు. ముందురోజు రాత్రే సస్పెన్షన్ విరిగింది. ఇంజను చప్పుడు బయటికి వినబడకుండా బ్యాండు మేళం గట్టిగా వాయించమన్నారు. ఆ కారుకు రివర్సు గేరే లేదు! తెర లేవక ముందు స్టేజీ వెనక ఎంత కంగారుంటుందో నాటకాలాడిన వాళ్లకు చెప్పక్కర్లేదు. తెర లేచింది, కారు కదిలింది, చప్పట్లు మోగాయి. ఆ రోజు గట్టెక్కింది.

ఆ తర్వాత కష్టపడ్డారు. మొదట అనుకున్న రాక్షసి ఇంజను పనికిరాదని తేలింది. హెలికాప్టర్‌లో వాడే ఫ్రాంక్లిన్ ఇంజను తెచ్చి, గాలితో చల్లబడేదాన్ని నీళ్లతో చల్లబడేలా మార్చి బిగించారు. 166 హార్స్‌పవర్. ఇండియానాపొలిస్ రేసు ట్రాకు మీద పరీక్ష చేస్తుంటే ఒక కారు గంటకు 95 మైళ్ల వేగంలో మూడు పల్టీలు కొట్టింది. నడిపినవాడు దెబ్బలతో బయటపడ్డాడు. ముందు అద్దం చెప్పినట్టే ఊడిపోయింది. టైరు మార్చి స్టార్టు చేస్తే కారు నడిచింది కూడా! అంటే టక్కర్ చెప్పినవన్నీ కోతలు కావన్నమాట.

మన దగ్గరా ఒక విలాసాల కారు ముచ్చట ఉంది. 1985లో మద్రాసు నుంచి స్టాండర్డ్ 2000 అనే కారు వచ్చింది. బాడీ ఇంగ్లండు రోవర్‌ది, చూపులకు దొరబాబు. లోపల ఇంజను మాత్రం ఎప్పటిదో పాత వాన్‌గార్డ్‌ది. కొత్త హీరోను పెట్టి పాత కథే తీస్తే ఏమవుతుందో అదే అయింది. 1988 కల్లా దుకాణం మూసేశారు. టక్కర్ కథ దానికి తలకిందులు. సరుకు కొత్తదే. అది జనం చేతికి చేరేలోగా పుట్టి మునిగింది.

ఎందుకు మునిగింది? ఇక్కడే అసలు కథ.

కారు చేయడానికి డబ్బు కావాలి. బ్యాంకుల్నీ షావుకార్లనీ నమ్ముకుంటే పెత్తనం వాళ్ల చేతికి పోతుందని టక్కర్ భయం. అందుకని మామూలు జనానికి షేర్లు అమ్మాడు. కోటిన్నర డాలర్లకు పైగా వచ్చింది. డీలర్ల దగ్గర ముందుగానే డబ్బు కట్టించుకున్నాడు. అదీ చాల్లేదు. ఇంకో ఎత్తు వేశాడు. కారు ఇంకా ఫ్యాక్టరీ దాటకముందే దానికి కావలసిన రేడియో, సీటు కవర్లు, సామాను పెట్టెలు అమ్మకానికి పెట్టాడు. ఇవి కొనుక్కున్నవాళ్లకు కారు వచ్చినప్పుడు వరసలో ముందు చోటు. జనం కొన్నారు. ఇరవై లక్షల డాలర్లు!

షేర్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ కన్ను పడింది. విచారణ మొదలైంది. రహస్యంగా ఉండాల్సిన నివేదిక కోర్టు దాకా పోకముందే పేపర్లకెక్కింది. ఇంకెవడు డబ్బు పెడతాడు? 1949 మార్చిలో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికి తయారైనవి మొదటి నమూనాతో కలిపి 51 కార్లు. 51 మాత్రమే! మోసం కేసు పెట్టారు. 1950 జనవరి 22న జ్యూరీ టక్కర్‌ని, మిగతావాళ్లని నిర్దోషులని తేల్చింది. మనిషి గెలిచాడు, కంపెనీ మాత్రం లేదు. ఇంకో కారు చేయాలన్న తపనలోనే ఉండగా 1956 డిసెంబరులో ఊపిరితిత్తుల కాన్సర్‌తో చనిపోయాడు. 53 ఏళ్లు.

ఇప్పుడు సినిమాకొద్దాం. (అమ్మయ్య, సినిమా పత్రికలో ఇంతసేపా సినిమా రావడానికి అంటున్నారా? వచ్చేశాం.)

టక్కర్ కారు కోసం డబ్బు పెట్టినవాళ్లలో కార్మైన్ కొప్పోలా అనే సంగీతకారుడు ఒకడు. ఐదు వేల డాలర్లు పెట్టాడు. డబ్బూ రాలేదు, కారూ రాలేదు. ఇంట్లో ఆయన కొడుకు మాత్రం ఆ మూడు కళ్ల కారును మర్చిపోలేదు. ఆ పిల్లాడే తర్వాత 'గాడ్‌ఫాదర్' తీసిన ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా! 1982లో 'వన్ ఫ్రమ్ ది హార్ట్' పిక్చర్ అట్టర్ ఫ్లాపై కొప్పోలా పీకల్లోతు అప్పుల్లో పడ్డాడు, స్టూడియో పోయింది. అలాంటి మనిషి, 'స్టార్ వార్స్' జార్జ్ లూకాస్ వెన్నుదన్నుగా నిలబడితే, 1988లో టక్కర్ కథనే సినిమాగా తీశాడు. జెఫ్ బ్రిడ్జెస్ హీరో. మార్టిన్ లాండోకు సహాయనటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అందరూ బాగుందన్నారు. అయితే రెండు కోట్ల నలభై లక్షల డాలర్ల ఖర్చుకు రెండు కోట్లయినా వెనక్కి రాలేదు. ఫ్లాపయిన కారు మీద తీసిన పిక్చర్ కూడా ఫ్లాప్!

కారుకు మాత్రం ఆ పిక్చర్ మేలు చేసింది. 51లో 47 కార్లు ఇప్పటికీ మిగిలే ఉన్నాయి. 2012లో ఒకటి వేలంలో 29 లక్షల డాలర్లకు పోయింది. అప్పట్లో అమ్మజూపిన ధర రెండున్నర వేల లోపే.

ఈ పిక్చర్ని నేను పోయిన వేసవిలో మా ఊళ్లో చూశాను. కొనకనమిట్ల తెలీనివాళ్లకు చెబుతాను. పొదిలికీ మార్కాపురానికీ నడుమ ఉంటుంది. వానలు తక్కువ, కందిచేలు ఎక్కువ. రాత్రి ఉక్కపోతకు ఇంట్లో పడుకోలేక వాకిట్లో మంచాలు వేసుకున్నాం. నేను ల్యాప్‌టాప్ తెరిస్తే, పక్క మంచం మీద నుంచి మామయ్య లేచి వచ్చి కూచున్నాడు. మా అమ్మ తమ్ముడు. అరవై దాటి చాన్నాళ్లయింది. ఇంగ్లీషు ముక్క రాదు. సీను సీనుకీ నేను తెలుగులో చెబుతుంటే, పిక్చర్లో లేని సీటు కవర్ల సంగతీ అదీ కలిపి చెబుతుంటే, ఊఁ కొడుతూ చూశాడు.

చివర్లో కోర్టు సీను. టక్కర్ జ్యూరీ ముందు నిలబడి గుండె కరిగేలా ఉపన్యాసం ఇస్తాడు. బయట వీధిలో టక్కర్ కార్లన్నీ బారులు తీరి ఉంటాయి. నిర్దోషి అన్నారు! నాకు కళ్లు చెమర్చాయి. మామయ్య మాత్రం పలకలేదు. కాసేపటికి అడిగాడు:

"అంతా బానే ఉందిలే గానీ, ఆ డబ్బులు కట్టినోళ్ల సంగతేందిరా?"

"ఏ డబ్బులు మామా?"

"అదే, సీటు కవర్లు కొనుక్కున్నోళ్లు. కారు లేకుండా సీటు కవరు యాడ ఏసుకుంటారు? మంచానికా?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు తట్టింది, ఆయన అడుగుతున్నది టక్కర్ గురించి కాదని.

మార్కాపురం అంటే పలకలని మీకందరికీ తెలుసు. మీ నాన్నలు దిద్దిన పలక మా మార్కాపురం రాయే అయ్యుంటుంది. 1997లో మామయ్య అక్కడ చిన్న పలకల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆయనకో ఆలోచన వచ్చింది. రెండు పలకల్ని తోలు పట్టీతో కలిపి పుస్తకంలా తెరిచేటట్టు చేస్తే? ఒకవైపు అక్షరాలు, రెండోవైపు లెక్కలు. మూసి సంచిలో వేసుకుంటే రాసింది చెరిగిపోదు. అందరూ భలే అన్నారు. పొదిలి, కనిగిరి, కంభం, గిద్దలూరు షాపుల వాళ్లు జూన్‌లో బడులు తెరిచేసరికి సరుకు కావాలని అడ్వాన్సులిచ్చారు. సరుకు ఇంకా లేదు. నమూనా ఒక్కటే ఉంది. తొందర. ఆరని కర్రతో చట్రాలు కొట్టించాడు. షాపులకు చేరిన వారానికే కర్ర ఆరి చట్రం వదులైంది. పలకలు ఊగులాడి ఊడిపడ్డాయి. మూటలన్నీ తిరిగొచ్చాయి, రెండో ఆటకే ఎత్తేసిన పిక్చర్ డబ్బాల్లాగా.

నాకప్పుడు ఆరేడేళ్లు. ఊళ్లో ఆయన్ని "పుస్తకం పలకలోడు" అని ఎక్కిరించేవాళ్లు. బంధువుల పెళ్లిళ్లలో ఆ మాట వినబడితే నేను తల దించుకునేవాణ్ణి. పెద్దయ్యాక కూడా ఆయన్ని చేతకానివాళ్ల జాబితాలోనే వేసుకున్నాను. నిజం చెప్పాలి కదా, అబద్ధమెందుకు!

ఆ రాత్రి అడిగాను, "మరి నువ్వు ఏం చేశావు మామా?" అని.

"ఏం చేస్తా? కందిచేను రెండెకరాలు అమ్మినా. బస్సెక్కి ఒక్కో షాపుకూ పోయి ఇచ్చొచ్చినా. కంభం షాపాయన అప్పటికే పోయినాడు. ఆయన కొడుకు 'ఏ డబ్బులు' అన్నాడు, నీకు మల్లేనే. లెక్క చూపించి చేతిలో పెట్టినా."

అంతే. ఇంకేం చెప్పలేదు. కారు బొమ్మ ఇంకోసారి చూపించమన్నాడు. "కన్ను మాత్రం శానా బాగా పెట్టినాడు" అని వెళ్లి పడుకున్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. టక్కర్ కేసు గురించి దొరికినంతా చదివాను. పిక్చర్లో చూపిన కోర్టు ఉపన్యాసం అసలు జరగనే లేదు! టక్కర్ తరఫు లాయర్లు ఒక్క సాక్షినీ పిలవలేదు. ప్రభుత్వం వాళ్లు చెప్పిందాంట్లోనే నేరం రుజువు కాలేదని ఆపేశారు. జ్యూరీ ఒప్పుకుంది. టక్కర్ దొంగ కాదు, తెచ్చిన డబ్బు పెట్టే కారు చేశాడు. పెద్దవాళ్లకు అతనంటే గిట్టకపోవడం, నివేదిక బయటికి పొక్కడం, అవన్నీ నిజాలే. ఇంజను తేలకముందే కారును, కారు తేలకముందే సీటు కవర్లను అమ్మడం కూడా నిజమే. షేర్లు కొన్నవాళ్ల చేతుల్లో చివరికి కాగితాలే మిగిలాయి. వాళ్లలో ఒకరింట్లో కాబోయే కొప్పోలా ఉన్నాడు కాబట్టి ఆ ఇల్లు మనకు తెలిసింది. మిగతా ఇళ్ల గురించి ఎవరు పిక్చర్ తీస్తారు?

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, జీవిత కథల పిక్చర్లు ఇప్పుడు మన తెలుగులోనూ వస్తున్నాయి. హీరో పడినప్పుడు ఎవరు తోశారో చూపిస్తాయి. అతనితో పాటు ఇంకెవరు పడ్డారో అరుదుగా చూపిస్తాయి. చూసి చప్పట్లు కొట్టండి, తప్పులేదు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక మా మామయ్య అడిగిన ప్రశ్న ఒక్కసారి అడిగి చూడండి.

ఇప్పుడు గిద్దలూరు మిత్రుడికి జవాబు.

ఫ్లాపయిన పిక్చర్లో గొప్పతనం ఉండదా అన్నావు. ఎందుకుండదు! 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' ఆడలేదు. అందులో సావిత్రిని చూసినవాళ్లు ఈనాటికీ ఆమె నటనల్లో అది మేలుబంతి అంటారు. ఆడింది, ఆడలేదు అన్నది ఆ ఏటి జనం, ఆ వారం వాన, ఆ పక్క హాల్లో పిక్చర్, ఇన్నింటి మీద ఉంటుంది. అలాగే ఆడనిదల్లా కళాఖండం అనీ అనుకోకు. స్టాండర్డ్ 2000 ఆడకపోవడంలో అన్యాయమేమీ లేదు.

ఫ్లాపయిన మనిషికి గౌరవం ఉండదా అన్నావు. ఇది కష్టమైన ప్రశ్న. అదే సావిత్రి 1971లో 'మూగమనసులు' కథను తమిళంలో 'ప్రాప్తం'గా సొంతంగా తీసి, దెబ్బతిని, ఆస్తులు పోగొట్టుకుంది. పోయింది ఆమె సొమ్ము. ఆమెకు గౌరవం ఎక్కడ తగ్గింది? కొప్పోలా 2024లో, 85 ఏళ్ల వయసులో, ద్రాక్షతోటల వ్యాపారంలో వాటా అమ్మి 12 కోట్ల డాలర్లతో 'మెగాలొపొలిస్' తీశాడు. అదీ బాక్సాఫీసు దగ్గర బోల్తా కొట్టింది. పెట్టింది తన డబ్బు. చిన్నప్పుడు ఇంట్లో నేర్చుకున్న పాఠమేమో అనిపిస్తుంది నాకు. ఎదుటివాడి డబ్బుతో కలలు కన్నప్పుడు లెక్క వేరు. కల చెదిరిన మర్నాడు ఆ మనిషి ఎవరి గుమ్మం ముందుకు వెళ్లాడు, ఎవరి గుమ్మం తప్పించుకు తిరిగాడు అన్నది చూసి గౌరవం ఇవ్వు.

ఇంకొక్క మాట, నా మీద నేనే వేసుకుంటున్నాను. ఈ వ్యాసకర్త కూడా ఒక పెద్దమనిషి దగ్గర పుస్తకం రాసిస్తానని అడ్వాన్సు పుచ్చుకుని ఏడాదిన్నరగా ఫోను ఎత్తకుండా తిరిగాడు. ఊరి నుంచి వచ్చిన వారంలోనే ఆయనింటికి వెళ్లాను. తిడతాడనుకున్నాను. కాఫీ ఇచ్చాడు, అదింకా బాధ. సగం డబ్బు అక్కడే పెట్టాను. మిగతా సగానికి సంక్రాంతి గడువు అడిగాను. గడువు తప్పితే ఈ పేజీలోనే చెబుతాను, మీరు చీవాట్లు పెడుదురుగాని.

పుస్తకం పలక ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. మామయ్య ఆ తర్వాత బాగా ఆరిన కర్రతో తీరిగ్గా చేసి మా అమ్మకిచ్చింది. ఒకవైపు పాల లెక్క, రెండోవైపు కూలోళ్ల లెక్క. చట్రం ఇప్పటికీ వదులు కాలేదు.

వచ్చే వారం మళ్లీ హిట్టు పిక్చరే. గిద్దలూరు మిత్రమా, కోపం తీరిందా? తీరకపోతే ఇంకో ఉత్తరం రాయి.